ఫ్లెక్స్ పైపు: షెడ్డులో వినకూడని మాటలు

"యాడ జాగా ఉంటే ఆడ కోసి పెట్టేద్దాంలేన్నా, ఏమీ గాదు."

టర్బో కారుకు కొత్తగా ఎగ్జాస్ట్ చేయించుకోవాలని హిందూపురంలోనో, ధర్మవరంలోనో సైలెన్సర్ షెడ్డుకు వెళ్తే మొదట చెవిన పడే సలహా ఇదే. చెప్పేవాడు మంచివాడే, చెయ్యి తిరిగిన వెల్డరే. అయినా ఈ ఒక్క మాట మాత్రం వినొద్దు. ఎగ్జాస్ట్ పైపు మధ్యలో వంగే ముక్క, అంటే ఫ్లెక్స్, చోటు నిర్ణయించేది కారు కింద ఉన్న ఖాళీ కాదు, ఇంజన్ ఊగే దిక్కు.

మన దగ్గర ఈ సంగతి ఇప్పుడు బాగా అవసరం. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. తొలి సెల్టోస్‌లోని 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్‌ది 140 పీఎస్, 242 న్యూటన్ మీటర్ల టార్క్. 2023లో దాని స్థానంలో వచ్చిన 1.5 టర్బోది 160 పీఎస్, 253. బానెట్ ఎత్తి చూస్తే ఈ ఇంజన్ అడ్డంగా ఉంటుంది, అంటే క్రాంక్ ఎడమ చక్రం నుంచి కుడి చక్రం వైపుకు ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పైపు ముందు కొసేమో ఆ ఇంజన్‌కు బిగించి ఉంటుంది, వెనక సైలెన్సర్ బాడీకి వేలాడుతుంటుంది. ఊగేదానికీ ఊగనిదానికీ మధ్య సర్దుకునేది ఫ్లెక్సే.

అది వంగగలదు, కొద్దిగా సాగగలదు. మెలి మాత్రం తట్టుకోలేదు. లోపలి ముడతల గొట్టం పలుచటి రేకు. తడి తువ్వాలు పిండినట్టు దాన్ని పిండితే ముడత మొదట్లోనే చీలుతుంది. కాబట్టి ఇంజన్ అడ్డంగా ఉన్న కారులో, పైపు కిందికి దిగి వెనక్కు సాగే భాగంలో ఫ్లెక్స్ పెట్టాలి. అక్కడ ఇంజన్ ఊపు దాన్ని వంచుతుందే గానీ మెలిపెట్టదు. క్రాంక్‌కు ఎంత దగ్గరైతే ఊపు అంత తక్కువ. అదే ఫ్లెక్సును క్రాంక్‌కు సమాంతరంగా, అడ్డంగా పోయే ముక్కలో పెట్టారో, మెలి మొత్తం దాని మీదే పడుతుంది.

బొలెరో, స్కార్పియోలాంటి బళ్లలో లెక్క తిరగబడుతుంది. వాటి ఇంజన్ నిలువుగా, బండి పొడవునా ఉంటుంది. ఊపు పక్కలకు వస్తుంది. పైపేమో క్రాంక్ వెంటే వెనక్కు పోతుంది. సెల్టోస్‌కు కుదిరిన చోటే ఇక్కడ పెడితే ఫ్లెక్స్ మెలిపడుతుంది. ఇలాంటి బండికి పైపు అడ్డంగా మళ్లే ముక్క ఉంటే అక్కడ పెట్టించండి. లేకపోతే గుండ్రటి గ్యాస్కెట్, స్ప్రింగు బోల్టులు ఉండే జాయింట్ వేయించండి. "దానికి పెట్టినట్టే దీనికీ పెడతాం" అన్నప్పుడు బానెట్ ఎత్తి ఇంజన్ ఎటు ఉందో చూపించండి.

రెండో చెడ్డ సలహా: "వెనకాల సైలెన్సర్ దగ్గర పెడితే చేత్తో అందుతుంది, మార్చడం సులువు." సులువే. కానీ టర్బో నుంచి అక్కడిదాకా ఉన్న పొడుగాటి పైపంతా ఇంజన్‌తో పాటు ఊగుతుంది, మధ్యలో హ్యాంగర్ ఉంటే దాంతో పెనుగులాడుతుంది. ఆ దెబ్బ టర్బో ఫ్లాంజి స్టడ్లకూ వెల్డింగులకూ తగులుతుంది. ఫ్లెక్స్‌కు ముందున్న పైపు ఇంజన్‌తోనో గేర్‌బాక్సుతోనో ఒకటిగా కదలాలి. బాడీ నుంచి వచ్చే మొదటి హ్యాంగర్ ఫ్లెక్స్ దాటాకే రావాలి, అదీ వెంటనే. "ఫ్లెక్స్ ఉందిగదా, హ్యాంగర్ ఎందుకు" అనేవాళ్లూ ఉన్నారు. పైపు బరువు మోయడం ఫ్లెక్స్ పని కాదు.

మరీ ముందుకు జరిపి టర్బో మూతికే అంటించడమూ తప్పే. పెట్రోల్ టర్బోలోకి వచ్చే పొగ వేడి గట్టిగా తోలినప్పుడు 900 డిగ్రీలు దాటగలదు. టర్బో, దాని వెంటనే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆ తర్వాత ఫ్లెక్స్, ఈ వరుసే ఉంచండి. కన్వర్టర్ పీకేయమనే సలహా అసలు చెవిలోకే రానివ్వకండి. అది లేకపోతే వెలువడే విషం పీల్చేది మన వీధిలో వాళ్లే. పైగా కంపెనీ ఇచ్చిన రూపం మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది, పొగ, మోత హద్దు దాటితే 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

వెల్డింగ్ దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. కోసిన పైపు కొసలు ఫ్లెక్స్‌కు అందకుండా కాస్త ఎడంగా ఉంటే "లాగి కొట్టేద్దాం" అంటారు. 304 స్టీలు పైపు మీటరు పొడవుది 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. ముందే లాగిపెట్టిన ఫ్లెక్స్ ఆ సాగుడుకు ఎక్కడ చోటిస్తుంది? కారు చక్రాల మీద నిలబెట్టి, ఇంజన్ మౌంటింగుల మీద తన స్థితిలో ఉన్నప్పుడు, హ్యాంగర్లన్నీ తగిలించాక, ఫ్లెక్స్ తిన్నగా, బిగువు లేకుండా ఉండేట్టు టాకాలు వేయించండి. పూర్తి వెల్డింగ్ తర్వాత. ఆర్గాన్‌తో, కొసనున్న కాలరు మీదే. పై జాలి మీద మంట గానీ నిప్పురవ్వ గానీ పడకూడదు, తడి గోనెపట్టా చుట్టించండి. లోపల లైనరు ఉన్న రకమే కొనండి, దాని మీద బాణం గుర్తు ఉంటే పొగ పోయే దిక్కుకే పెట్టాలి. వ్యాసం పైపుకన్నా తక్కువ ఉండకూడదు. క్రాస్‌మెంబర్‌కన్నా కిందికి వేలాడితే స్పీడ్ బ్రేకర్ జాలిని గీకేస్తుంది.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట: "చీలితే ఓ టాకా కొడితే పోతుంది." ముడతల రేకు వెల్డింగుకు నిలవదు, పక్కనే మళ్లీ చీలుతుంది. అక్కడినుంచి కారే పొగ బానెట్ కిందినుంచి కారులోకి రాగలదు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలకు తెలియదు. చీలిన ఫ్లెక్స్ మార్చాల్సిందే.

బిగించాక హైవే మీద పెనుకొండ దాకా ఓ మంచి పరుగు తీసి, పూర్తిగా చల్లారాక కింద టార్చి వేసి చూడండి. జాలి మీద, కాలర్ల చుట్టూ నల్లటి మసి గీత కనిపిస్తే లీకు ఉన్నట్టే. పైపు పక్కన క్రాస్‌మెంబర్‌కు కొత్తగా రాసుకున్న మెరుపు కనిపిస్తే ఎడం చాలలేదు. అదే రోజు షెడ్డుకు తీసుకెళ్లండి.