పాల లెక్క పక్కన తొంభై రోజులు

మా అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వెతుకులాట వాడిది, నిద్ర చెడింది నాది. అందుకే ఈ మొర.

నరసరావుపేటలో మా వంటింటి గోడకు ఒక క్యాలెండరు ఉంది. ముప్పయ్యేళ్లుగా దాని మీద పాల లెక్క తప్ప మరొకటి ఎక్కలేదు. ఇప్పుడు ఆ లెక్క పక్కనే ఎర్ర సిరాతో 41, 42, 43. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద ఉన్నవాడు మొదటి ఏడాదిలో మొత్తం తొంభై రోజులకు మించి ఖాళీగా ఉండకూడదట. అక్కడ వాడికి రోజు గడిస్తే ఇక్కడ మా ఆవిడ అంకె వేస్తుంది. మొన్న పాలవాడు ఆ అంకెలు చూసి నలభై మూడు లీటర్లకు డబ్బులడిగాడు.

టెక్సాస్‌లో వాడికి మధ్యాహ్నం రెండింటికి ఇంటర్వ్యూ అంటే మాకు అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ వేళ నేను దగ్గకూడదు. సప్తసముద్రాల అవతల వాడి కోడ్ తప్పుతుందట!

మిరపకు ఎన్ని కోతలో, గుంటూరు యార్డులో తేజ రకం ఎంత పలుకుతోందో అడిగితే చెప్పగలను. కానీ అందరూ నన్నడిగేది హెచ్-1బీ వీసా గురించి. అదీ నేర్చాను. ఏడాదికి 65 వేల వీసాలు, అక్కడ పీజీ చేసినవాళ్లకు మరో 20 వేలు. ముందు ఉద్యోగం ఇచ్చిన కంపెనీ మార్చిలో పేరు నమోదు చేయాలి, ఆపైన లాటరీ తగలాలి. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. మా ఆవిడకు బీపీ ఎక్కింది. అక్కడే ఉండి వీసా మార్చుకునే విద్యార్థులకు అది వర్తించదని అక్టోబరులో తేల్చారు. బీపీ దిగింది. ఆ నెలంతా ఉప్పులేని కూర తిన్నది మాత్రం నేను.

ఉద్యోగం వస్తే కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టిస్తానని ఆవిడ మొక్కుకుంది. ప్రభంటే అగరొత్తి కట్టా? ఆకాశాన్నంటేలా లేపి, ఒళ్లంతా కరెంటు దీపాలు పెట్టాలి. మొక్కు ఆవిడది, ఖర్చు నాది. ఆ కొండ మీద కాకులు వాలవంటారు. మా ఇంటి మీద చుట్టాలు వాలుతూనే ఉన్నారు: “ఏం బాబాయ్, మీవాడికి ఇంకా రాలేదా?”

మా పల్నాటి కథలో నాగమ్మతో కోడిపందెం కాసి ఓడిన బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల విడిచి ఏడేళ్లు వలసపోయింది. ఓడినవాళ్లు ఊరు విడవడంలో ఒక న్యాయం ఉంది. ఇప్పటి పందెమే తిరగబడింది. గెలిచినవాడు ఊరు విడుస్తాడు, ఓడినవాడు ఇంటికొస్తాడు. మరి నేనే పుంజు మీద కాయాలి?

నిన్న పాలవాడు సంగతి తెలుసుకుని, “అబ్బాయిగారొస్తే ఇంకో అర లీటరు పొయ్యమంటారా?” అన్నాడు.

“రాడులే” అన్నాను గట్టిగా, మా ఆవిడకు వినబడేలా. పాలవాడికి మాత్రం చేత్తో సైగ చేశాను: లీటరు.