బరువులేని పుస్తకానికి సంచి ఉచితం

అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ అని పేరుమోసిన పుస్తకాల దుకాణాలున్నాయి. ఏడాదికి 39 డాలర్ల 99 సెంట్లు కట్టి ప్రీమియం సభ్యులైతే చాలు, జరిగే మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. కొన్నవాటి మీద పది శాతం తగ్గింపు. ఎంత చిన్న పుస్తకం తెప్పించుకున్నా పోస్టు ఖర్చు వాళ్లదే. లోపలున్న కాఫీ కొట్టులో చిన్న కప్పు డబ్బులకే పెద్ద కప్పు. పైగా ఓ గుడ్డసంచి.

ఇదంతా విని, వాళ్లమ్మే ఈ-పుస్తకాల యంత్రం నూక్ రీడర్‌లో తప్ప పుస్తకం తెరవని మనవాడొకడు సంబరంగా కార్డు గీకేశాడనుకోండి. పోస్టు ఖర్చు మిగులుతుందా? ఆయన పుస్తకం వైఫైలో దిగుతుంది, దానికోసం పోస్ట్‌మ్యాన్ ఏనాడూ తలుపు తట్టలేదు. సంచిలో వేసుకుందామంటే సంచి బరువే తప్ప పుస్తకం బరువు లేదు. పోనీ పది శాతమైనా దక్కుతుందా అంటే, నూక్ ఈ-పుస్తకాలకు అది వర్తించదని షరతుల్లో చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటుంది. శుభలేఖ అందరికీ పంచి, విస్తరి మాత్రం మగపెళ్లివారికే వేసినట్టు.

దుకాణాన్నొక్కదాన్నే తిట్టి లాభం లేదు లెండి. 2010లో ఆపిల్ ఐప్యాడ్ వచ్చినప్పుడు అయిదు పెద్ద ప్రచురణ సంస్థలు ఈ-పుస్తకం ధర మేమే వేస్తాం, మీరు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోండి అన్నాయి. దాంతో ధర తగ్గించే అధికారం కొట్టువాడి చేతిలోంచి జారిపోయింది. ఇది ఆపిల్, ప్రచురణ సంస్థలు కలిసి చేసిన కుమ్మక్కని 2012లో అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది. ఆపిల్ ఓడిపోయి 45 కోట్ల డాలర్లు వదిలించుకుంది. ఆ తర్వాత ప్రచురణకర్తలు బుద్ధిగా, ఈసారి ఎవరికి వారుగా, మళ్లీ అదే పద్ధతికి వచ్చారు!

ఒకప్పుడు నూక్ చేత్తో పట్టుకుని దుకాణానికి వెళ్తే అక్కడి వైఫై మీద ఈ-పుస్తకాలు రోజుకో గంట ఊరికే చదువుకోనిచ్చేవారు. దానికి సభ్యత్వం అక్కర్లేదు. తెరమీద చదివేవాడికి నిజంగా పనికొచ్చే మర్యాద ఉచితంగా దొరికిందన్నమాట. డబ్బు కట్టినవాడికి సంచి.

కాగితం పుస్తకాలు కొనేవారి లెక్క వేరు. ఏడాదికి 400 డాలర్ల సరుకు కొంటే కట్టిన రుసుము తిరిగొచ్చినట్టే. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో వారం వారం ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజుకు వెళ్లే తెలుగు కుటుంబం, బహుమతులుగా బొమ్మల పుస్తకాలూ బోర్డు గేములూ అక్కడే కొంటే ఆ మొత్తం దాటడం ఏమంత కష్టం కాదు. వాళ్లు నిక్షేపంగా చేరొచ్చు.

తెరమీదే చదివే బాబులూ తల్లులూ, మీరు మాత్రం ఆ నలభై డాలర్లు జేబులోనే ఉంచుకోండి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి, చిరునామా రుజువు చూపించి కార్డు తీసుకోండి. చాలా లైబ్రరీల్లో ఆ కార్డు నంబరును లిబ్బీ యాప్‌లో కొడితే ఈ-పుస్తకాలు ఫోన్‌లోకే వస్తాయి. కొత్త పుస్తకమైతే వారాల తరబడి వరుసలో ఉండాల్సి రావచ్చు. రుసుము మాత్రం పైసా ఉండదు.