చదవని పుస్తకానికి శాలువాలు

వేదికెక్కితే చాలు, మన నాయకులకు సీమ సాహిత్యం గుర్తొస్తుంది. శాలువా భుజాన పడీపడకముందే ‘పింగళి సూరన మావాడు’ అని ఛాతీ విరుస్తారు. సరే స్వామీ, మీవాడే. కళాపూర్ణోదయం చదివారా? పోనీ, అందులో కళాపూర్ణుణ్ణి కన్నదెవరో చెప్పగలరా? చెప్పలేరు. వాణ్ణి కన్నది ఆడదిగా మారిన మగవాడు!

నవ్వకండి, కథ అదే. 16వ శతాబ్దంలో నంద్యాల నేలిన కృష్ణమరాజుకు సూరన అంకితమిచ్చిన ఎనిమిది ఆశ్వాసాల కావ్యం. భార్య భర్తవుతుంది, భర్త భార్యవుతాడు. ఇద్దరు రంభలు ఎదురుపడి నేనంటే నేనని కొట్లాడుకుంటారు. నలకూబరులూ ఇద్దరే, అసలువాడెవడో తేలదు. ముందు జరిగింది వెనక చెబుతాడు, వెనక జరగబోయేది ముందే చెబుతాడు. ఇవాళ వెబ్ సిరీస్ వాళ్లు ఫ్లాష్‌బ్యాక్‌లో ఫ్లాష్‌బ్యాక్ పెట్టి కొత్తగా కనిపెట్టామంటున్నారు. ఏందప్పా మీరు కనిపెట్టింది? ఆ పని నంద్యాలలో ఎప్పుడో అయిపోయింది.

అట్లని సూరనను నెత్తిన పెట్టుకుని ఊరేగలేను. ఆయనతో నాకు తగాదా ఉంది. ద్వారకలో కలభాషిణి అనే వేశ్య. పాట తెలిసింది, తెలివైంది. నలకూబరుణ్ణి కోరి రంభ వేషం కట్టింది. రంభ కోసం మణికంధరుడనేవాడు నలకూబరుడి వేషం కట్టాడు. మోసం ఇద్దరిదీ. ఫలితం? రంభ శాపం ఆమెకు, కత్తివేటు ఆమెకు. మణికంధరుడేమో మరుజన్మలో కళాపూర్ణుడనే రాజు. ఆమె ఆ రాజుకే రెండో రాణి! దీన్ని న్యాయమంటారా? అంకితం పుచ్చుకునేది రాజు గదా, కథ ఎటు మొగ్గాలో కవికి తెలియదా!

అయినా అదే కావ్యంలోని శాలీనుడి కథ దగ్గరికొచ్చేసరికి నా కోపం చల్లారుతుంది. పెళ్లాం సుగాత్రి నగలన్నీ దిగేసుకుని ఎదుట నిలబడితే వాడు కన్నెత్తి చూడడు. ఓనాడు గాలివాన. మొగుడు తోటలో ఒక్కడే ఉన్నాడని ఆమె పరుగెత్తుకొచ్చి, నగలు తీసి పక్కన పెట్టి, కొంగు బిగించి పనిలోకి దిగుతుంది. అప్పుడు పడుతుంది వాడి చూపు! రాజాస్థానంలో కూర్చుని ఇది రాయగలిగాడంటే, చేలగట్ల మీద ఎంత తిరిగాడో మహానుభావుడు. శనక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్లను చూసినవాడికి ఈ ఘట్టం వేరే విప్పి చెప్పనక్కర్లేదు.

ఈ మెచ్చుకోలూ తిట్లూ నాతో మొదలైనవి కావు. మన చిత్తూరు సీమ కట్టమంచి రామలింగారెడ్డి 1914లోనే కవిత్వతత్త్వ విచారంలో ప్రబంధాలను ఉతికి ఆరేసి, సూరనను మాత్రం పైమెట్టున కూర్చోబెట్టాడు. ఒప్పుకోనివాళ్లు ఆయనతో గొడవపడ్డారు. పడాలి గదా! చదివినవాళ్లు పోట్లాడుకుంటారు. చదవనివాళ్లు దండలేస్తారు.

2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చితే అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. న్యూయార్కులో దొరికే సూరన నంద్యాల బస్టాండు పక్కన దొరుకుతాడా? 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. బోర్డులు మారాయి. పుస్తకాల బీరువాలో ఏం మారింది? కడపలో బ్రౌన్ దొర 1820ల్లోనే సొంత డబ్బు పోసి, పండితుల్ని కూర్చోబెట్టి, చెదలు తింటున్న తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. పరాయివాడికి పట్టింది మనవాళ్లకు పట్టదెందుకు?

డబ్బుల్లేవనకండి. మీకు దణ్ణం పెడతా, ఆ మాట మాత్రం అనకండి. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మా దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తూనే ఉన్నారు. అది పంచాయతీల దగ్గర, మున్సిపాలిటీల దగ్గర ఆగిపోతోందని గ్రంథాలయ సంస్థలు ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నాయి. శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు, పోటీ పరీక్షల గైడ్లు, అట్ట ఊడిన డిటెక్టివ్ నవలలు. సూరన ఎక్కడంటే, ‘ఏ సూరన సార్?’

మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీయండి. గ్రంథాలయ పన్ను కింద ఎంత కట్టారో చూసుకోండి. రేపే మీ ఊరి గ్రంథాలయానికి పోయి కళాపూర్ణోదయం అడగండి. లేదంటే ఆ రసీదు పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయి, మా 8 పైసలు ఏం చేశారని కాగితం మీద రాసి అడగండి.