కోరం లేని ప్రార్థన

(ప్రకాశం జిల్లాలో ఒక బాప్టిస్టు సంఘం. ఏ ఊరని అడక్కండి. మీ ఊరే అనుకున్నా పెద్ద తేడా రాదు. ఆదివారం ఆరాధన అయిపోయింది. గుడి పక్క గదిలో కమిటీ కూర్చుంది. ఒక్కటే అంశం: యవ్వనస్థులు గుడికి ఎందుకు రావడం లేదు? దీన్ని చర్చించడానికి పెద్దలొచ్చారు. టీ తేవడానికి ఒక కుర్రవాడు వచ్చాడు.)

అయ్యగారు: అందరికీ వందనాలు. క్లుప్తంగా ప్రార్థన చేసుకుని మొదలుపెడదాం.

(టీ చల్లారింది. ఆమేన్.)

పెద్ద డీకను: అయ్యగారూ, ఇయ్యాల నేను బెంచీలు లెక్కపెట్టాను. ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు పదకొండు మంది. నలుగురు కీబోర్డు, ప్యాడ్సు, గిటారు, మైకుల దగ్గర. ముగ్గురు లైవు కోసం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. మిగిలిన నలుగురికి సంబంధాలు చూస్తున్నారు, అందుకని వచ్చారు.

యూత్ సెక్రటరీ: మా యూత్‌ని అట్లా తీసిపారేయడం బాగాలేదండీ.

ట్రెజరరు: మా యూత్ ఏందయ్యా? మొన్న వేసవిలో నీ కూతురి పెళ్ళికి మేమంతా వచ్చి భోంచేశాం గదా. నీకిప్పుడు నలభై తొమ్మిది.

యూత్ సెక్రటరీ: వయసు శరీరానికండీ, పదవి ఆత్మకు. 1999 నుంచి ఈ భారం మోస్తున్నాను. దిగిపోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇంత అనుభవం ఉన్న యువకుడు దొరకొద్దూ?

స్త్రీల సమాజం అక్క: అయ్యగారూ, నాదొక మాట...

పెద్ద డీకను: ఉండమ్మా, ముఖ్యమైన విషయం నడుస్తోంది.

అసోసియేషన్ పెద్దమనిషి: అసలు మన చరిత్ర మన పిల్లలకు తెలియదు. అదీ రోగం. 1878 జూలై 3. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ. ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం! ఆ రోజు డ్రమ్సున్నాయా? స్మోక్ మెషీనుందా? మన మిషనరీ క్లౌ దొరగారు నీళ్ళలో నిలబడి...

కుర్రవాడు: (గ్లాసులు తీస్తూ) నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులంట గదండీ. ఒకసారికి ఇద్దరు చొప్పున, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు.

పెద్ద డీకను: అంత పెద్ద పని చేతిలో ఉంటే పక్కవాళ్ళకు అప్పజెప్పాడా దొర? ఫోటోలో ఎవరు పడాలి మరి?

ట్రెజరరు: చరిత్రలో నాకూ ఒక సందేహం ఉంది. అంతకు ముందు కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కరువు నడిచినంత కాలం, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలు ఆపేశాడు. అంతా బానే ఉంది. ఆ కాంట్రాక్టు లెక్కలు ఏ సర్వసభ్య సమావేశంలో చదివారో!

అసోసియేషన్ పెద్దమనిషి: మన గుడి లెక్కలు చదివి ఎన్నాళ్ళయింది?

ట్రెజరరు: ఆడిటరుకు ఒంట్లో బాగాలేదు.

కుర్రవాడు: అయ్యగారూ, నేనొకటి అడగొచ్చా?

అయ్యగారు: అడుగు నాయనా. యవ్వనస్థుల గొంతు వినాలనే గదా మేమంతా కూర్చుంది. తొందరగా కానీ.

కుర్రవాడు: ఆ దొర ముందు పని చూపించి, తరవాత బాప్తిస్మం ఇచ్చాడు. నన్ను పద్దెనిమిదో ఏట తొట్టిలో ముంచారు. సొంతంగా నిర్ణయించుకున్నావా అని మీరే మూడుసార్లు అడిగారు, అవునన్నాను. డిగ్రీ అయ్యాక ఉద్యోగాల నోటిఫికేషను పడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడు ఎస్సీ కాడు, మన దగ్గర బీసీ–సి, ఒక్క శాతం. ఈ ముక్క బాప్తిస్మం క్లాసులో ఎవరూ చెప్పలేదు. తరవాత ఇంట్లో చెవిలో చెప్పారు. గుడి రిజిస్టరులో ఒక పేరు, కాలేజీ కాయితాల్లో ఒక పేరు పెట్టుకుని తిరిగేవాళ్ళు మాలో ఎంతమందో మీకు తెలుసు. యూత్ మీటింగులో ఒక్కసారైనా దీని గురించి మాట్లాడుకుందామని...

అయ్యగారు: అది రాజకీయం నాయనా. దేవుని మందిరంలో రాజకీయాలు వద్దు.

పెద్ద డీకను: అసలొద్దు. అన్నట్టు అయ్యగారూ, వచ్చే నెల అసోసియేషన్ ఎలక్షనుకు మన ప్యానెలు తరపున ఎన్ని ఓట్లు లేస్తాయి?

(ఈ చర్చ ముప్పావుగంట సాగింది. ఎవరికి ఎవరు ఫోను చేయాలి, ఎవరి బండిలో ఎవరు రావాలి, భోజనాల్లో చికెనా మటనా అన్నవి ఇక్కడ రాయడం లేదు. మటనే.)

యూత్ సెక్రటరీ: మళ్ళీ యువత సంగతికొద్దామండీ. వాళ్ళకు మాదిరి చూపించాలి. అయ్యగారు వారం వారం ప్రసంగంలో స్పర్జన్ గారి పేరెత్తుతారు గదా, ఆయన మీద క్విజ్ పెడదాం.

కుర్రవాడు: ఆయన వాటర్‌బీచ్ అనే పల్లెటూళ్ళో సంఘకాపరి అయ్యేనాటికి పదిహేడేళ్ళే. లండన్‌లో న్యూ పార్క్ స్ట్రీట్ సంఘం పిలిచేనాటికి పంతొమ్మిది. 1854లో.

అయ్యగారు: పంతొమ్మిదా? నేను ఉజ్జీవం అంశం కిందే చెబుతుంటాను, వయసు ఎప్పుడూ చూడలేదు.

పెద్ద డీకను: మన నియమావళిలో కమిటీకి నిలబడాలంటే ముప్పై నిండాలి. స్పర్జన్ గారి నామినేషను చెల్లదు.

ట్రెజరరు: కుర్చీలు సర్దే కమిటీలో వేసుకోవచ్చు.

(ఇక్కడ నాది ఒక మాట. పసిబిడ్డకు తెలియకుండా బాప్తిస్మం ఇవ్వకూడదు, తెలిసి అడిగినవాడికే ఇవ్వాలి అని పట్టుబట్టిన వాళ్ళు బాప్టిస్టులు. ఆ పట్టుదలకు యూరప్‌లో జైళ్ళకూ వెళ్ళారు. నిత్యజీవం సంగతి తేల్చుకునేంత బుద్ధి పద్దెనిమిదేళ్ళవాడికి ఉందని ఒప్పుకున్న సంఘం, ఫ్యాను ఏ గోడకు బిగించాలో చెప్పేంత బుద్ధి మాత్రం వాడికి లేదంటుంది.)

అసోసియేషన్ పెద్దమనిషి: పిల్లలు వేరే గుళ్ళకు పోతున్నారంటే మన సిద్ధాంతం గట్టిగా చెప్పలేదనే అర్థం. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడింది. చాలా మిషన్లు పోయి కలిశాయి. మన తెలుగు బాప్టిస్టులం కలవలేదు. ఎందుకని? పసిపిల్లల బాప్తిస్మం మనం ఒప్పుకోం. బిషప్పు పాలన మనకు పడదు. ప్రతి విశ్వాసీ యాజకుడే, ప్రతి సంఘమూ స్వతంత్రమే.

స్త్రీల సమాజం అక్క: అవును, ఒక్క బిషప్పు వద్దని ఐదుగురిని పెట్టుకున్నాం.

(ఎవరూ విననట్టు నటించారు. ట్రెజరరు ఒక్కడే కిటికీవైపు తిరిగి నవ్వాడు.)

పెద్ద డీకను: స్వతంత్రం అంటే గుర్తొచ్చింది. అసోసియేషనుకు మన వాటా సొమ్ము పంపమని మళ్ళీ ఉత్తరం వచ్చింది.

ట్రెజరరు: మనది స్వతంత్ర సంఘమని రాయండి.

పెద్ద డీకను: మిషన్ కాంపౌండు స్థలం కేసులో మనం కూడా కక్షిదారులుగా చేరాలన్నారు.

ట్రెజరరు: ఆ విషయంలో మనం అసోసియేషన్‌లో విడదీయరాని భాగమని రాయండి.

అయ్యగారు: కేసుల సంగతి తరవాత. పిల్లలు ఎక్కడికి పోతున్నారు? అది చెప్పండి ముందు.

యూత్ సెక్రటరీ: బైపాస్ రోడ్డు మీద కొత్త ప్రార్థన మందిరం పెట్టారండీ, అక్కడికి. పెద్ద తెర, రంగు దీపాలు, పాట మొదలైతే బయట పార్కింగు దాకా అదురుద్ది. ఆ బ్రదరు ఈ మధ్యే అపొస్తలుడయ్యారు.

ట్రెజరరు: ఎవరు చేశారు?

యూత్ సెక్రటరీ: ఫ్లెక్సీ వేసినవాళ్ళు.

అసోసియేషన్ పెద్దమనిషి: అక్కడ కమిటీ లేదు, డీకన్లు లేరు, లెక్కలు చదవరు. స్థలం ఆయన పేర, కారు భార్య పేర, ట్రస్టులో బావమరిది. అక్కడ నోరెత్తే దిక్కు లేదు. ఓటు హక్కు ఉన్న ఇల్లు వదిలి అక్కడికి పోతారేంటి వీళ్ళు? ఏరా అబ్బాయ్, నువ్వూ పోతున్నావా?

కుర్రవాడు: రెండుసార్లు పోయానండీ.

అసోసియేషన్ పెద్దమనిషి: అక్కడ నీకు ఓటుందా?

కుర్రవాడు: లేదండీ. ఇక్కడా లేదు. అక్కడ ఏసీ ఉంది.

(నిశ్శబ్దం. పెద్ద డీకను కళ్ళలో వెలుగు.)

పెద్ద డీకను: అదీ మాట! ఇంతసేపూ మనం తలలు పట్టుకుంటే కుర్రాడు తేల్చేశాడు. ఏసీ పెట్టిద్దాం!

ట్రెజరరు: రెండు టన్నులవి నాలుగు సరిపోతాయి. నా మేనల్లుడికి షాపుంది.

అసోసియేషన్ పెద్దమనిషి: మా వియ్యంకులు అమెరికాలో ఉన్నారు, రెండు ఇస్తారు. కాకపోతే వాళ్ళ నాన్నగారి జ్ఞాపకార్థమని రాయించాలి.

పెద్ద డీకను: ఏసీ మీదా? పల్పిట్ ఎదురుగా ఆయన పేరుంటే మా నాన్నగారి పేరు గంట మీద, పైన, ఎవరికీ కనపడకుండా ఉండాలా?

కుర్రవాడు: అయ్యా, నేనడిగింది ఏసీ కాదు. బాప్తిస్మం తీసుకున్న సభ్యులందరినీ ఒకసారి కూర్చోబెట్టండి. లెక్కలు చదవండి. యూత్ సెక్రటరీని మమ్మల్నే ఎన్నుకోనివ్వండి.

యూత్ సెక్రటరీ: ఇదేంది తమ్ముడూ, నా మీద నీకేమైనా కోపమా?

పెద్ద డీకను: సర్వసభ్య సమావేశం అంత తేలిక కాదు బాబూ. సభ్యుల్లో మూడోవంతు రావాలి. కోరం లేకపోతే ఏం చేసినా చెల్లదు.

స్త్రీల సమాజం అక్క: ఇక నన్ను ఆపొద్దు డీకన్ గారూ. 1853లో ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. అక్కడ కోరం దండిగా ఉంది. 1854 జనవరి 1న తెల్లవారకముందు ఒంగోలులో కొండెక్కి మోకరించింది ఐదుగురు. జూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అని ఇద్దరు ఆడవాళ్ళు. మన నియమావళి ప్రకారం ఆ ప్రార్థనకు కోరం లేదు. ఆడవాళ్ళది కమిటీలో లెక్కే లేదు. చెల్లదని రాసేద్దామా మినిట్సులో?

(అయ్యగారు గడియారం చూశారు.)

అయ్యగారు: మంచి ఆలోచనలు వచ్చాయి. దేవునికి స్తోత్రం. తీర్మానాలు రాసుకోండి. ఒకటి, ఏసీల కోసం సబ్‌కమిటీ, పెద్ద డీకన్ గారి అధ్యక్షతన. రెండు, యువజన ఆదివారం. ప్రసంగం నేను, సాక్ష్యం యూత్ సెక్రటరీ, కృతజ్ఞతలు ట్రెజరరు. మూడు, యవ్వనస్థులు కుర్చీలు, మైకులు, భోజనాలు చూసుకుంటారు. నాలుగు, అక్క ముగింపు ప్రార్థన చేస్తారు.

(అక్క ప్రార్థన చేసింది. ఐదు వాక్యాల్లో అయిపోయింది. కుర్రవాడు మాత్రమే గట్టిగా ఆమేన్ అన్నాడు.

పాఠకుల్లో బాప్టిస్టులకు ఒక మనవి. వచ్చే ఆదివారం కానుక పెట్టె మీ బెంచీ దాటాక, సంఘ కార్యదర్శిని పక్కకు పిలిచి నియమావళి కాపీ ఒకటి అడగండి. దాంతోపాటు పోయిన సర్వసభ్య సమావేశం మినిట్సు, ఆడిటు చేసిన లెక్కలు కూడా. ఆడిటరుకు ఒంట్లో బాగాలేదంటే ఆయన ఇంటి అడ్రసు తీసుకోండి. మీకు పద్దెనిమిదేళ్ళా ఎనభయ్యా, మగా ఆడా అన్నది అనవసరం. ఇవి అడిగే హక్కు మీరు నీళ్ళలోంచి లేచిన రోజునే మీకొచ్చింది.)