లక్ష్మిలో ఎక్స్

మా అక్కయ్య పేరు లక్ష్మి. శుభలేఖలో లక్ష్మి, రేషన్ కార్డులో లక్ష్మి, పూజలో పంతులుగారు సంకల్పం చెప్పించినా లక్ష్మే. తెలుగులో రాసినంత కాలం ఆవిడకు ఏ ఇబ్బందీ లేదు. ఇంగ్లీషులో మాత్రం ఆవిడ ఇద్దరు. ఆధార్‌లో కె, ఎస్, హెచ్ ఉన్న లక్ష్మి, పాస్‌పోర్టులో ఎక్స్ ఉన్న లక్ష్మి. ఇద్దరూ చాలా ఏళ్లు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే ఇంట్లో కాపురం చేశారు. 2021 డిసెంబరులో డాలస్‌లో ఉన్న కూతురికి పురుడు అనేసరికి ఎదురుపడ్డారు.

టీకాలు అప్పటికే అయ్యాయి. బావగారు కోవాగ్జినే కావాలని పట్టుబట్టి ఇద్దరికీ వేయించారు. అది తయారయ్యే జీనోమ్ వ్యాలీ ఆయనకు స్కూటరు మీద వెళ్లి వచ్చేంత దూరం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను అబద్ధం చేస్తానన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సామెతను నమ్మినట్టే ఉంది, నెలల తరబడి కాగితాలు అడుగుతూ కూర్చుంది. చివరికి నవంబరు 3న, దీపావళి ముందు రోజు, కోవాగ్జిన్‌ను తన జాబితాలో చేర్చింది. సరిగ్గా ఐదు రోజులకు, 8న, టీకాలు వేయించుకున్న విదేశీయులకు అమెరికా తలుపులు తెరిచింది. జాబితా వార్త వినగానే బావగారు వీధంతా మిఠాయిలు పంచారు. పండగకనుకుని అందరూ తిన్నారు.

కోవిషీల్డ్ వాళ్ల పని అంతకంటే సుఖంగా ఏమీ లేదు. అది ఇంగ్లండులో పుట్టి పుణెలో పెరిగిన మందు. అయినా ఆ సెప్టెంబరులో బ్రిటన్ పుట్టింటి బిడ్డనే గుర్తుపట్టలేదు. గొడవయ్యాక మందు మంచిదే, సర్టిఫికెట్టే బాగాలేదంది. మన సర్టిఫికెట్‌లో వయసే ఉండేది, పూర్తి పుట్టిన తేదీ ఉండేది కాదు. దానికి బదులుగా మనం అక్టోబరు 4 నుంచి వచ్చే బ్రిటిష్‌వాళ్లకు పది రోజుల క్వారంటైన్ పెట్టాం. వారం తిరిగేసరికి, 11 నుంచి, వాళ్లకు మన కాగితం నచ్చింది. ఆ వారంలో వైరస్ ఏ తేదీ అడక్కుండా రెండు దేశాల్లోనూ తిరిగింది.

మళ్లీ అక్కయ్య దగ్గరికి వద్దాం. టీకా సర్టిఫికెట్ మీద ఆధార్ లక్ష్మే ఉంది. అది ఇచ్చే కోవిన్ పోర్టల్‌లో పేరు దిద్దుకోవడానికి ఒక్కసారే అవకాశం ఉండేది. బావగారు రాత్రి పదకొండింటికి కళ్లజోడు తుడుచుకుని కూర్చుని కె, ఎస్, హెచ్ తీసేసి ఎక్స్ పెట్టారు. ఆ సంబరంలో ఇంటిపేరును ముందు నుంచి వెనక్కి జరపడం మరిచిపోయి బటన్ నొక్కేశారు. మనకు ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టుకు వెనక. ఇప్పుడు అక్కయ్యలు ముగ్గురయ్యారు.

"ఏమీ కాదు సార్, అఫిడవిట్ చేయించండి" అన్నాడు వీధి చివర జిరాక్స్ షాపు కుర్రాడు. కోవిడ్ కాలంలో ఏ దేశం ఏం అడుగుతోందో వాడికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కోర్టు దగ్గర వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఈ లక్ష్మి, ఆ లక్ష్మి, మూడో లక్ష్మి ఒకే మనిషని మా అక్కయ్యే ప్రమాణం చేసింది. నోటరీ ఆవిడ మొహం చూడకుండా ముద్ర వేశాడు. కుర్రాడు దాన్ని లామినేషన్ చేసి ఇచ్చాడు.

దొంగ రిపోర్టులు అమ్మి పట్టుబడ్డవాళ్లూ ఉన్నారు కాబట్టి తనిఖీ తప్పని నేననను. కానీ ఆఫ్రికా వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా కోసం ఒక చిన్న పసుపు పుస్తకం ఎప్పటినుంచో ఉంది. అన్ని దేశాలకూ అదొక్కటే. 2016 నుంచి ఒకసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది. కోవిడ్‌కు అలాంటి పుస్తకం ఒకటి కుట్టించే తీరిక ఎవరికీ దొరకలేదు.

డిసెంబరు 10 తెల్లవారుజామున 3 గంటలకు విమానం. అంతకు నాలుగు రోజుల ముందే అమెరికా పరీక్ష గడువును మూడు రోజుల నుంచి ఒక్క రోజుకు కుదించింది. ఒక్క రోజంటే ఏది? మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, వాళ్లకు అర్ధరాత్రితో. బావగారు పంచాంగం ఒకచేత్తో, టికెట్ ఒకచేత్తో పట్టుకుని లెక్క కట్టి, 9వ తేదీ పొద్దున్నే ముక్కులు అప్పగించారు. ర్యాపిడ్ పరీక్ష చాలని అమెరికాయే చెప్పింది. అయినా ఆయన ఆర్టీపీసీఆర్ కూడా చేయించారు. అడిగినదానికంటే ఒకటి ఎక్కువ చూపిస్తే గౌరవమని ఆయన నమ్మకం.

విమానాశ్రయం కౌంటర్లో అమ్మాయి ఫైలు తెరిచింది. నెగెటివ్ అన్న మాట చూసింది, టీకా పేరు చూసింది, మూసేసింది. పావు నిమిషం పట్టిందేమో. ఎక్స్ జోలికి వెళ్లలేదు. "మేడమ్ పేరులో చిన్న తేడా ఉందమ్మా, దానికి అఫిడవిట్..." అని బావగారే గుర్తు చేయబోయారు. అక్కయ్య ఆయన చేయి గట్టిగా గిల్లింది. ఇంతలో అక్కయ్యకు దగ్గొచ్చింది. వెనక లైనంతా నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఇంత వ్యవహారంలో ఆవిడ ఆరోగ్యం గురించి ఆలోచించినవాళ్లు వాళ్లే. పెట్టెలో పురిటి కాయం ఉంది, దాని గురించి మాత్రం ఆ అమ్మాయి రెండు ప్రశ్నలు వేసింది.

వచ్చేటప్పుడు మన వంతు. ఎయిర్ సువిధ ఫారం నింపాలి, పాస్‌పోర్టు, సర్టిఫికెట్ ఎక్కించాలి. గత 14 రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్లారని అడిగితే, బావగారు గుడి, ఇండియన్ స్టోరు అని రాయబోయారట. దేశం పేరు చాలు నాన్నా అని కూతురు ఆపింది.

వీళ్లు 2022 జూన్ మొదటి వారంలో దిగారు. 12న అమెరికా పరీక్ష ఎత్తేసింది. ఆ వారంలోనే బయల్దేరిన వియ్యపురాలు ముక్కు తడపకుండా డాలస్ చేరి, "అంత హడావుడి దేనికండీ వదినగారూ?" అని ఫోన్ చేసింది. నవంబరు 22న ఎయిర్ సువిధ కూడా ఆగిపోయింది.

అఫిడవిట్ మాత్రం బీరువాలో భద్రంగా ఉంది. పోయిన నెల బ్యాంకులో కేవైసీకి అదే పనికొచ్చింది.