మందు కాదనుకున్నాను

అల్లం మీద నాకు గురి కుదిరింది మా అమ్మాయి వేవిళ్ళప్పుడు. మంచినీళ్ళు కూడా కడుపులో ఇమిడేవి కావు దానికి. వాళ్ళ డాక్టరమ్మే అల్లం వాడి చూడమంది. లేత అల్లాన్ని సన్నగా తరిగి, ఉప్పు చల్లి, నిమ్మరసంలో ఊరబెట్టాను. ముక్కలు లేత గులాబీ రంగుకు తిరిగాక ఒక్కొక్కటే నోట్లో వేసుకునేది. కొద్ది రోజులకే చారన్నం తినగలిగింది.

ఇది తల్లి నమ్మకం మాత్రమే కాదు. గర్భిణుల మీద జరిగిన అధ్యయనాల్లో రోజుకు 1 గ్రాము దాకా అల్లం పొడి ఇస్తే వికారం తగ్గింది. అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం కూడా వేవిళ్ళకు మందులు కాని ఉపాయాల్లో అల్లాన్ని చేర్చింది.

నా తెలివితక్కువతనం ఆ తర్వాత మొదలైంది. వికారానికి పనిచేసింది కాబట్టి వాట్సాప్‌లో వచ్చిందల్లా నిజమేననుకున్నాను. షుగరు దిగుతుందట, కొవ్వు కరుగుతుందట, గుండెకు ఎంతో మంచిదట. నాకు గుండె లయ తప్పే జబ్బుంది. రక్తం గడ్డకట్టి మెదడుకు చేరకుండా రోజూ రాత్రి వార్ఫరిన్ మాత్ర వేసుకుంటాను. అందుకే గుండె మాట ఉన్నచోటే నా చూపు నిలిచిపోయింది.

మా అమ్మ అల్లాన్ని రోట్లో దంచి, గుడ్డలో పిండి, గిన్నెను కాసేపు కదపకుండా ఉంచేది. అడుగున తెల్లటి పిండి పేరుకునేది. దాన్ని వదిలేసి పైన తేరిన రసం చెంచాడు తీసి, తేనె కలిపి నాకించేది. అదీ జలుబు చేస్తేనే. నేను మిక్సీలో తిప్పి, అర గ్లాసు రసం పరగడుపునే తాగాను, రోజూ. రొమ్ము వెనక మంట పుడితే గ్యాసనుకుని, గ్యాసుకూ అల్లమే మందని ఇంకాస్త పెంచాను. ఎక్కువైతే ఆ మంటను తెచ్చేది అల్లమేనని తెలుసుకునే ప్రయత్నమైనా చేయలేదు.

పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. గాజులు ఒరుసుకున్నచోట ముంజేతి మీద నల్లగా కమిలిన మచ్చలు. పరీక్ష చేయిస్తే, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ 4 దాటింది. నాకది 2కీ 3కీ మధ్య ఉండాలి. "కొత్తగా ఏమైనా వాడుతున్నారా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. "ఏమీ లేదండీ" అన్నాను. ఆయన వార్ఫరిన్ తగ్గించి పంపారు. మర్నాడు పొద్దున మళ్ళీ అల్లం రసం తాగాను.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఈ మాటే. తాగేటప్పుడు మందని నమ్మి తాగాను. అడిగినప్పుడు మాత్రం అది నాకు వంటింటి దినుసైపోయింది.

తర్వాతిసారి మా అమ్మాయి నా వెంట వచ్చి ఉన్నదంతా చెప్పింది. ఆయన కోప్పడలేదు. రక్తం గడ్డకట్టడం మీద అల్లం ప్రభావం ఎంతన్నదానిపై పరిశోధనలు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదనీ, వార్ఫరిన్‌తోపాటు అల్లం తీసుకున్న కొందరిలో ఐఎన్‌ఆర్ బాగా పెరిగిన సందర్భాలు మాత్రం ఉన్నాయనీ చెప్పారు. రసం మానేయించి మళ్ళీ పరీక్ష చేయిస్తే, తగ్గించిన మాత్ర చాలలేదు. పాత మోతాదుకే రావలసి వచ్చింది. అంటే నేను దాచడం వల్ల ఆయన మందు లెక్కే తప్పింది. అల్లం నాకు చేసిన చెరుపు కంటే ఆ "ఏమీ లేదండీ" చేసిందే ఎక్కువ.

శొంఠిది కూడా ఇదే దారి. అల్లం ఎండినప్పుడు అందులోని జింజరాల్ అనే ఘాటు పదార్థం కొంత షోగాల్‌గా మారి ఘాటు ఇంకా పెరుగుతుంది. శొంఠి లేని కషాయం లేదంటారు కనుక, కషాయాలు తాగేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అల్లాన్ని నేను వదిలిపెట్టలేదు. ఉప్మాలో వేస్తాను, పెసరట్టుతో అల్లం పచ్చడి తింటాను. వంటలో పడేంత తినమనే డాక్టరుగారు అన్నారు. కానీ రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళూ, షుగరు మందు వాడేవాళ్ళూ, ఆపరేషనుకు రోజు పెట్టించుకున్నవాళ్ళూ దయచేసి నా మాట వినండి. రసమైనా, కషాయమైనా, గొట్టం మాత్రలైనా, ఎంత తీసుకుంటున్నారో డాక్టరుకు చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.