భాగించకుండా బతకడం ఎలా?

ఇంట్లో ఆరో తరగతి చదివే పిల్ల ఉంటే ఏదో ఒక సాయంత్రం "నాన్నా, 91 ప్రధాన సంఖ్యేనా?" అని అడగక మానదు. కంగారుపడి కాగితం, పెన్ను వెతుక్కోకండి. కూతురి ముందు భాగహారం చేసిన తండ్రి మాటకు ఆ ఇంట్లో ఇక విలువుండదు. సంఖ్య ముఖం చూసి చెప్పేయాలి. 91 సరి సంఖ్య కాదు. చివర 5 లేదు. అంకెలు కూడితే 10, కాబట్టి మూడో ఎక్కంలో పోదు. ఏడో ఎక్కమంటారా, మనం పదో మెట్టు దగ్గరే ఆపేశాం. 70 దాటాక అక్కడేముందో చూసినవాళ్ళెవరు? పదమూడో మెట్టు మీద 91 కూర్చుని ఉంటే అది దాని ఖర్మ. "ప్రధానమే" అనేసి టీవీ వైపు తిరగండి.

ఇదే చూపుతో 51, 57, 119, 133 కూడా గట్టెక్కుతాయి. మొదటి రెండింటికీ అంకెలు కూడితే మూడో ఎక్కంలో పోతాయని బయటపడుతుంది కాబట్టి వాటి దగ్గర కూడిక కూడా మానేయడం క్షేమం. తక్కిన రెండింటికీ మళ్ళీ ఆ ఏడే శత్రువు.

వర్గమూలం తెలిసిన చుట్టాల దగ్గర మాత్రం జాగ్రత్త. "91కి 2, 3, 5, 7 చూస్తే చాలు బావా! పది పదులు వంద కదా, రెండు సంఖ్యల్ని గుణిస్తే 91 వచ్చిందంటే వాటిలో ఒకటి పది లోపే ఉండాలి" అంటాడు మీ బావమరిది. నాలుగు భాగహారాలతో తేలిపోతుందని తెలిస్తే పిల్ల నిజంగానే చేసేస్తుంది. కాబట్టి 2 నుంచి 90 దాకా అన్నిటితోనూ భాగించాలని, లేదంటే అసలు భాగించకూడదని నియమం పెట్టండి. రెండోదే మేలని తనే తేల్చుకుంటుంది.

ముఖం చూసి చెప్పడం మనలాంటివాళ్ళకే ఉన్న అలవాటు అనుకోకండి, ఫెర్మా అంతటివాడు చేశాడు. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలయ్యాయి కదా, అదే వరసలో తర్వాత వచ్చే 4294967297 కూడా అంతేనని నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. అప్పటికి ఫెర్మా పోయి 67 ఏళ్ళు. మీ తప్పు కూడా ఆ లెక్కన బయటపడితే మీ పిల్ల ఉద్యోగం చేసి రిటైరై కూడా ఉంటుంది.

1ని ప్రధాన సంఖ్యల్లో తప్పక చేర్పించండి. సరిగ్గా రెండు కారణాంకాలు ఉంటేనే ప్రధాన సంఖ్య అని పుస్తకం అంటుంది, 1కి ఉన్నది తానొక్కటే. అయినా డి. ఎన్. లేమర్ 1914లో అచ్చువేసిన పెద్ద పట్టికలోనే 1 దర్జాగా మొదట కూర్చుంది, సాక్ష్యానికి అది చాలు. లాభం కూడా ఉంది. లేకపోతే 12ని 2 × 2 × 3 అని ఒక్క తీరులోనే విడగొట్టాలి. 1ని రానిచ్చారా, ఎన్ని ఒకట్లు కావాలంటే అన్ని తగిలించి పేజీ నింపుకోవచ్చు. ఆ ఊపులోనే 2ని బయటికి పంపేయండి. సరి సంఖ్యల ఇంటి మనిషికి ఇక్కడేం పని?

36 కారణాంకాలు రాయమంటే జతలుగా రాయించండి: 1, 36, 2, 18, 3, 12, 4, 9, 6, 6. అన్నిటికీ జోడీ ఉంది, మొత్తం పది. ఆరుని రెండుసార్లు లెక్కపెట్టావేమని ఎవరైనా అడిగితే, జోడీ విడగొట్టడం పాపమనండి.

వరుస సంఖ్యల లెక్కల్లో అసలు మజా ఉంది. మూడు వరుస పూర్ణసంఖ్యల మొత్తం 72 అంటే, 72ని మూడుతో భాగిస్తే నడిమిది 24 దొరుకుతుంది, అటూ ఇటూ 23, 25. ఇంత త్వరగా అయిపోతే ట్యూషన్‌కి కట్టే డబ్బు దండగ. x, y, z అని మూడు అక్షరాలు పెట్టించండి, ఒక సమీకరణంతో మూడింటినీ పట్టుకోబోయి సాయంత్రమంతా గడుస్తుంది. మొత్తం అదే 72, సంఖ్యలు నాలుగు అంటే ఇంకా బాగుంటుంది. నాలుగు వరుస పూర్ణసంఖ్యల్ని కూడి నాలుగుతో భాగిస్తే ఎప్పుడూ శేషం 2 మిగులుతుంది, 72కేమో మిగలదు. అంటే అలాంటి సంఖ్యలు లేవు. కానీ లేవని రాస్తే మార్కులెవరిస్తారు? 16.5, 17.5, 18.5, 19.5 అని రాయించండి. మొత్తం 72 వస్తుంది, ఒకటి తర్వాత ఒకటి వరసగానే ఉన్నాయి. పూర్ణసంఖ్యలు అన్న మాట ప్రశ్నలో ఏదో అలవాటుకొద్దీ వేశారు.

బేసి సంఖ్యలైతే x, x + 1, x + 3. బేసి కావాలంటే బేసే కలపాలి, ఇందులో మాట్లాడేదేముంది? మూడు వరుస బేసి సంఖ్యల మొత్తం 45 అని ఇస్తే ఈ దారిలో 3x = 41 వచ్చి ఆగిపోతుంది. ఊరుకోకండి, ప్రశ్నలో అచ్చుతప్పు ఉందని టీచరుకు చీటీ రాసి పంపండి. 13, 15, 17 అని టీచరు జవాబు రాస్తే ఆ చీటీ పిల్లకు చూపించొద్దు.

ప్రధాన సంఖ్యలకు అంతముందా అని అడిగితే యూక్లిడ్ జోలికి వెళ్ళకండి. పక్కపక్క సంఖ్యలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదన్న చిన్న విషయం మీద ఆయన ఆ కథంతా నడిపాడు. మనం ఇంకో రకంగా చెబుదాం: మొదటి నుంచీ ఉన్న ప్రధాన సంఖ్యల్ని గుణించి ఒకటి కలిపితే కొత్త ప్రధాన సంఖ్య పుడుతుంది. 2 × 3 + 1 అంటే 7. ఐదుని చేర్చితే 31, ఏడుని చేర్చితే 211, పదకొండుతో 2311. అన్నీ ప్రధానాలే, పిల్ల ముఖం వెలిగిపోతుంది. పదమూడుని కూడా గుణించి 30031 అని రాయబోతుండగా అన్నానికి పిలిచేయండి. దాన్ని 59తో భాగించి చూసే ఓపిక ఏ పిల్లకూ ఉండదు. ఉండి, సరిగ్గా 509 వచ్చిందంటే మాత్రం రేపటి నుంచి లెక్కల పుస్తకం బావమరిది ఇంటికి వెళ్తుంది.